పాటకి ముందు మాట

దగ్గరికి జరగండి. ఆ మేపుల్ దుంగ ఇంకా పచ్చిగానే ఉంది, అంటుకోడానికి కాస్త సేపు పడుతుంది. ఈలోగా నువ్వడిగింది చెప్తా. వచ్చే శనివారం కాంట్రా డాన్సుకి మొదటిసారి కాలరుగా నిలబడుతున్నావు కదా. స్టెప్పులు ఎలా చెప్పాలో నేర్పడానికి బోలెడుమంది ఉన్నారు, పుస్తకాలూ ఉన్నాయి. నీ వెనక కూర్చుని వాయించేవాళ్ళతో ఎలా మెలగాలో చెప్పేవాళ్ళే తక్కువ. నన్నడిగితే కాలరు పనిలో ముప్పాతిక వంతు అదే.

మేము ఈ దేశం వచ్చింది 1970ల చివర్లో. మీ తాతయ్యకి న్యూ హాంప్‌షైర్‌లో, కీన్‌లో ఉద్యోగం. విజయవాడలో చలంటే తెల్లవారుజామున దుప్పటి మీదికి లాక్కునేంతే. ఇక్కడ నవంబరులో మొదలైన మంచు ఏప్రిల్ దాకా వదలదు. ఆయన పొద్దున వెళ్తే చీకటిపడ్డాక వచ్చేవారు. నేనూ, కిటికీ, మంచు. పక్కింటావిడకి నన్ను చూసి జాలేసిందో ఏమో, ఒక రాత్రి కారెక్కించుకుని నెల్సన్ తీసుకెళ్ళింది. కొండ మీద ఓ తెల్ల చర్చి, ఓ టౌన్ హాలు, నాలుగిళ్ళు, అంతే ఊరు. హాలు తలుపు తీయగానే వేడి, ఉన్ని బట్టల వాసన, ఫిడేలు మోత ఒక్కసారిగా మొహాన తగిలాయి. నేను చీర మీద కోటుతో గోడవారన బల్ల మీద కూర్చున్నాను.

మీలో చిన్నదానికి తెలీదు కాబట్టి ఆటేమిటో ఓ ముక్క చెప్పేస్తా. జంటలు రెండు పొడుగాటి వరసలుగా ఎదురెదురు నిలబడతారు. బ్యాండు ఉన్న వైపు పైన అంటారు. పైనుంచి మొదలుపెట్టి నలుగురేసి చేతులు కలుపుతారు. ప్రతి నలుగురిలోనూ బ్యాండుకి దగ్గరున్నది ఒకటో జంట, అవతలిది రెండో జంట. ఒక విడత ఆట అయ్యేసరికి ఒకటో జంటలన్నీ ఒక మెట్టు కిందికి, రెండో జంటలన్నీ ఒక మెట్టు పైకి జరుగుతాయి. ఎదురుగా కొత్త జంట వస్తుంది, మళ్ళీ అదే ఆట. వరస చివరికి చేరినవాళ్ళు ఒక విడత ఊరికే నిలబడి, రెండో జంట అయితే ఒకటో జంటగా, ఒకటో జంట అయితే రెండోదిగా మారి వెనక్కి వస్తారు. అలా ఒక్క ఆటలోనే హాలులో సగంమంది చేతులు పట్టుకుంటాం.

ఇక సంగీతం. ట్యూనుకి ఎ అనీ బి అనీ రెండు భాగాలు. ఒక్కోటీ ఎనిమిది బార్లు, ఒక్కోటీ రెండేసి సార్లు వాయిస్తారు. ఎ, ఎ, బి, బి. వాటినే ఎ1, ఎ2, బి1, బి2 అంటాం. మొత్తం 32 బార్లు. అడుగుల్లో లెక్కేస్తే 64. ఆ రాత్రి ఇదంతా నాకెవరూ చెప్పలేదు. నా చెయ్యి దానంతటదే తొడ మీద పడింది. చిన్నప్పుడు విజయవాడలో నాలుగేళ్ళు గాత్రం నేర్చుకున్నాను కదా, ఆ అలవాటు. లఘువు, ద్రుతం, ద్రుతం, ఎనిమిది. మళ్ళీ ఎనిమిది. రెండు ఆవర్తనాలు పూర్తయ్యేసరికి వాళ్ళ ట్యూనులో ఒక వాక్యం పూర్తవుతోంది! ఎనిమిది ఆవర్తనాలకి ట్యూను తిరిగి మొదటికొస్తోంది. చక్కగా ఆది తాళం. తర్వాత ట్యూనులో నడక మారింది. చతురశ్రం పోయి తిశ్రం వచ్చింది, అడుగులు మాత్రం అవే 64. వాళ్ళు మొదటిదాన్ని రీల్ అంటారు, రెండోదాన్ని జిగ్ అంటారు. మా గురువుగారు ఒకే తాళం వేయిస్తూ నడక మార్చి పాడించేవారు, సరిగ్గా ఆ పనే.

అలా లెక్క పెడుతూ ఉండగా ఇంకో సంగతి గమనించాను. మొదటి మూడు నాలుగు విడతలూ మైకు దగ్గరున్న కాలరు ప్రతి అడుగూ చెప్పాడు. తర్వాత మాటలు తగ్గించాడు. ఇంకాసేపటికి పూర్తిగా మానేశాడు. అయినా ఒక్క జంటా ఆగలేదు. ఎ మొదలవగానే ఎదుటివాళ్ళ చేతులు అందుకుంటున్నారు, బి రాగానే వరసలు ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి. వాళ్ళని ఆడిస్తున్నది ట్యూను. ట్యూను చెప్పేది వాళ్ళ చెవికి అందేదాకా కాలరు చెయ్యిపట్టి నడిపిస్తాడు, అందిన తర్వాత వదిలేస్తాడు. నేను కాలరుని అవ్వాలనుకున్నది ఆ రాత్రే.

ఈ ఆట ఎక్కడిదంటావా? ఇంగ్లండులో జాన్ ప్లేఫోర్డ్ 1651లో ఒక పుస్తకం అచ్చేశాడు, ఆటలూ వాటి ట్యూన్లూ కలిపి. ఆ తరహా ఆటలే సముద్రం దాటి ఇక్కడికొచ్చాయి. తర్వాత్తర్వాత పట్నాల్లో వాల్ట్జులూ పోల్కాలూ వచ్చి వీటిని పక్కకి నెట్టేశాయి కానీ, న్యూ హాంప్‌షైర్ వెర్మాంట్ కొండల్లో మాత్రం పోలేదు. ఇక్కడి రైతులు చలికాలంలో ఆడుకోడానికి ఉంచుకున్నారు. రాల్ఫ్ పేజ్ అని ఒకాయన ఉండేవారు, పుట్టింది నెల్సన్‌లోనే, మన్సన్‌విల్ అనే వాడలో, 1903లో. 1930లో కాలింగ్ మొదలుపెట్టారు. నార్తర్న్ జంకెట్ అని ఓ చిన్న పత్రిక 1949 నుంచి 1984 దాకా తెచ్చారు. ప్రతి సంచికలోనూ ఆటలు, ట్యూన్లు, చివర వంటలు కూడా. ఆ పాత సంచికలు దొరికితే వదలకు. మరుసటి ఏడే, 1985లో, ఆయన పోయారు.

ఆయన బ్యాండులోకే 1947లో అకార్డియన్ పట్టుకుని ఒక కుర్రాడు చేరాడు, బాబ్ మెక్‌క్విలెన్. తర్వాత పియానోకి మారారు. పీటర్‌బరోలో హైస్కూలు మేష్టారు. ఎడం చేత్తో బరువుగా దిగువ స్వరం, కుడి చేత్తో తేలికగా కార్డు, అంటే కలిపి నొక్కే స్వరాలు. ధమ్, చక్. ధమ్, చక్. ఆ ధమ్ మీద పాదం పడకపోవడమన్నది లేదు. వెయ్యికి పైగా ట్యూన్లు కట్టారు, చాలావాటికి స్నేహితుల పేర్లే పెట్టారు. 2002లో ఈ దేశపు జానపద కళాకారులకిచ్చే పెద్ద గౌరవం, నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చారు. 2014లో పోయారు. కాంటర్‌బరీలో డడ్లీ లాఫ్‌మన్ అని ఇంకొకాయన, ఫిడేలు వాయిస్తూనే కాల్ చేసేవారు. 1960ల్లో 70ల్లో జుట్టు పెంచిన కుర్రకారంతా ఆయన వెంట పడి టౌన్ హాళ్ళు నింపారు. 2009లో అదే ఫెలోషిప్ ఆయనకీ ఇచ్చారు. నాకు చోటు దొరికింది ఆ కుర్రకారు మధ్యనే. చీర కట్టుకున్న మనిషిని వాళ్ళేమీ వింతగా చూడలేదు, వాళ్ళ వేషాలే అంతకంటే వింతగా ఉండేవి.

వాయిద్యగాళ్ళు లేకుండా ఆడించే ఇంకో దారి కూడా ఉండేది. స్క్వేర్ డాన్స్ క్లబ్బుల్లో 1950ల నుంచీ రికార్డుల మీదే నడిపేవారు. కాలరు తన పెట్టెలో ప్లేయరూ రికార్డులూ తనే తెచ్చుకునేవాడు. ఖర్చు తక్కువ, ఎవరితోనూ మాట పడనక్కర్లేదు. కాంట్రా వాళ్ళు మాత్రం వాయిద్యగాళ్ళని వదల్లేదు. బళ్ళలో పిల్లల కోసం నేనూ క్యాసెట్టు మీద కాల్ చేశాను, అందుకే ఆ తేడా బాగా తెలుసు. క్యాసెట్టు తొమ్మిది విడతలకి ఆగిపోతుంది, చివరి జంట ఇంకా పైకి రాకపోయినా సరే. వరసలో ముసలాయన మోకాలు పట్టుకుంటే దానికి కనపడదు. పిల్లలు కేరింతలు కొడుతుంటే దానికి వినపడదు. ఎదురుగా మనుషులుండి వాయిస్తే వాళ్ళు ఆడేవాళ్ళ పాదాలు చూస్తూ వాయిస్తారు. ఆడేవాళ్ళు దాన్ని విని ఇంకొంచెం ఊపుగా ఆడతారు, అది చూసి వీళ్ళు ఇంకొంచెం గట్టిగా వాయిస్తారు. నువ్వు ఆ ఇద్దరి మధ్య నిలబడతావు. ఆ రాకపోకలకి అడ్డం రాకూడదు, అదీ నేను చెప్పదల్చుకున్నది.

సరే, ఎలా మాట్లాడాలంటే.

బ్యాండు వాళ్ళు వచ్చి వైర్లు కలుపుకుంటున్నప్పుడే నువ్వు వెళ్ళాలి. ఆట మొదలయ్యే వేళకి వెళితే లాభం లేదు. వాళ్ళలో ట్యూన్లు ఎంచేది ఎవరు, నీ సైగ చూసేది ఎవరు అని అడుగు. చాలాసార్లు ట్యూన్లు ఫిడేలు వాళ్ళు ఎంచుతారు, సైగ పియానో ఆవిడ చూస్తుంది, ఎందుకంటే ఆవిడ చూపు కాగితాల మీద ఉండదు. ఇద్దరితోనూ పరిచయం చేసుకో. ఆటలు రాసుకున్న నీ కార్డుల్లో ఆ రాత్రి ఆడించబోయేవి వరసగా పేర్చి చూపించు.

ఫలానా ట్యూను వాయించండి అని చెప్పకు. నీకంటే వాళ్ళకి ట్యూన్లు ఎక్కువ తెలుసు. ఆట ఎలా ఉంటుందో చెప్పు చాలు. "ఎ1 మొదట్లో బాలెన్స్ ఉంది, బి1లో నలుగురూ హే తిరుగుతారు" అను. బాలెన్స్ అంటే నాలుగు అడుగుల్లో ముందుకో ఊపు, వెనక్కో ఊపు. ఆ చోట ట్యూనులో మొదటి రెండు బార్లు ఠంగుమనాలి. హే అంటే జడ అల్లినట్టు ఒకరి పక్కనుంచి ఒకరు దూరుతూ పోవడం. అక్కడ ట్యూను ఎక్కడా తెగకుండా సాగాలి. ఈ రెండు మాటలు వినగానే మంచి ఫిడేలరు తల ఊపి, పియానో వైపు తిరిగి ఏదో గొణుగుతాడు, ఆవిడ సరే అంటుంది. ఆ గొణుగుడు నీకు అర్థం కానక్కర్లేదు.

పాత ఆటల్లో మాత్రం ట్యూను పేరూ ఆట పేరూ ఒకటే, వాటిని మార్చకూడదు. పెట్రొనెల్లా, రోరీ ఓ'మోర్, హల్స్ విక్టరీ, కోరస్ జిగ్, మనీ మస్క్. చెస్ట్‌నట్స్ అంటారు వాటిని. కోరస్ జిగ్ పేరుకే జిగ్, వాయిస్తే అది రీల్. కొత్తవాళ్ళు పేరు చూసి తిశ్రంలో ఎత్తుకుంటారు, ముందే చెప్పు. మనీ మస్క్ ఇంకా చిత్రం. స్కాట్లండులో డేనియల్ డౌ 18వ శతాబ్దంలో కట్టిన ట్యూను. న్యూ ఇంగ్లండులో ఆ ఆటకి 24 బార్లే, మూడు భాగాలు, ఒక్కోటి ఒక్కసారే. అంటే ఆరు ఆవర్తనాలు. అలవాటు ప్రకారం 32 వాయించారనుకో, ఆడేవాళ్ళు ఆట పూర్తిచేసి కొత్త జంట ఎదుట నిలబడేసరికి ట్యూను ఇంకా మిగిలి ఉంటుంది. అందుకే మనీ మస్క్ అనగానే అనుభవమున్న వాయిద్యగాళ్ళు "24 కదా?" అని అడుగుతారు. అడగలేదంటే నువ్వు చెప్పాలి.

క్విబెక్ ట్యూన్లంటే నాకు ప్రాణం. వాటిలో కొన్ని కొంటెవి ఉంటాయి, ఓ చోట ఒక అడుగు ఎక్కువ, ఇంకో చోట రెండు తక్కువ. వినడానికి అద్భుతం. కాంట్రాకి మాత్రం పనికిరావు, 64 అడుగుల్లో ఒక్కటి అటూ ఇటూ అయినా వరస మొత్తం చెదురుతుంది. బ్యాండులో క్విబెక్ పిచ్చి ఉన్నవాళ్ళుంటే ట్యూను చదరంగా, అంటే సరిగ్గా 64 అడుగుల్లో, ఉందా అని ముందే అడిగేసుకో. వాళ్ళేమీ అనుకోరు.

ఇప్పుడు మొదలుపెట్టడం. నువ్వు సంగీతం లేకుండా ఒకసారి నడిపించి చూపిస్తావు కదా, ఆ సమయమే వాళ్ళకి ట్యూన్లు కూర్చుకోడానికి. నువ్వు గబగబా ముగిస్తే వాళ్ళు తడబడతారు, సాగదీస్తే చేతులు చల్లబడతాయి. నడక అయ్యాక వెనక్కి తిరిగి వాళ్ళ కళ్ళలోకి చూడు. ఫిడేలు నాలుగు పొటాటోలు కొడుతుంది, అదే, ట్యూను ఎత్తుకునే ముందు ఒకే స్వరం మీద కొట్టే ఆ ధడధడ. ఎనిమిది అడుగుల వ్యవధి. ఆ ఎనిమిదిలో ఆఖరి నాలుగింటి మీద నీ మొదటి మాట పడాలి.

అక్కడే ఉంది కిటుకంతా. మాట పాట కంటే ముందు వస్తుంది. ఎ2 మొదటి అడుగు మీద వాళ్ళు తిరగడం మొదలుపెట్టాలంటే, ఎ1 ఆఖరి రెండు మూడు అడుగుల్లో నువ్వు చెప్పెయ్యాలి. ఎ2 వచ్చాక చెప్తే వాళ్ళు విని, అర్థం చేసుకుని, కదిలేసరికి ట్యూను ముందుకెళ్ళిపోతుంది. ఇక రోజంతా పాట వెనక పరిగెత్తడమే. మనకి పల్లవి సమంలో ఎత్తుకోవడం, అతీతంలో ఎత్తుకోవడం ఉన్నాయి చూడు, కాలరు మాట ఎప్పుడూ అతీతమే. నాకది తాళం వేస్తూ నేర్చుకోవడం వల్ల తేలికయింది. నువ్వూ తొడ మీద వేసుకుంటూ సాధన చెయ్యి, వంట చేసుకుంటూనైనా సరే.

మొదటి విడత పూర్తి వాక్యం చెప్పు. రెండో మూడో విడతలకి రెండు ముక్కలు చాలు. నాలుగు దాటాక, హాలంతా చూడు. ఎవరైనా తలెత్తి నీ వైపు చూస్తున్నారా? చూస్తుంటే ఒక్క మాట ఇవ్వు. ఎవరూ చూడట్లేదంటే మైకు కిందికి దించెయ్. చాలామంది కాలర్లు అక్కడ దించలేరు. బ్యాండు రెండో ట్యూనుకి మారుతున్నప్పుడు, ముఖ్యంగా డి నుంచి ఎ కి శ్రుతి మార్చి ఎగిరినప్పుడు, హాలులో ఒక కేక పుడుతుంది. ఆ కేక బ్యాండు సంపాదించుకున్నది. దాని మీద నీ గొంతు పడితే వాళ్ళ కష్టం పోయినట్టే. 1980ల్లో రాడ్నీ మిల్లర్ లాంటి ఫిడేలర్లు ఈ ట్యూన్లలోకి జాజ్ పోకడలు తెచ్చారు, ఎయిర్‌ప్లాంగ్ అనే రికార్డు విను, తెలుస్తుంది. అలాంటివాళ్ళు వాయిస్తున్నప్పుడు మాట్లాడాలని ఎలా అనిపిస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆపడం గురించి. ఒక విడతకి అర నిమిషం పైచిలుకు పడుతుంది, నిమిషానికి 110 నుంచి 120 అడుగుల వేగంలో. పది పదిహేను విడతలు ఆడిస్తాం. బ్యాండు రెండు మూడు ట్యూన్లు కలిపి వాయిస్తుంది కాబట్టి ఎక్కడ ముగుస్తుందో వాళ్ళకి ముందే తెలియాలి. మన పెళ్ళిళ్ళలో పురోహితుడు మంత్రం ఆపకుండానే వేలు పైకెత్తి గట్టిమేళం అంటాడు, సన్నాయి వాళ్ళు అప్పటిదాకా ఆయన చేతి వైపే ఓ కన్నేసి ఉంటారు. నీ వేళ్ళకీ అదే పని. మూడు వేళ్ళు చూపించు, పియానో ఆవిడ తల ఊపేదాకా దించకు. తల ఊపకపోతే చూడలేదని లెక్క. ఇంకొకటి, ఇది ముందే తేల్చుకోవాలి. మూడంటే ఇప్పుడు నడుస్తున్నది కలిపి మూడా, ఇది కాక మూడా? ఒక్కో బ్యాండుకి ఒక్కో అలవాటు. నువ్వు ఇంకొకటి ఉందనుకుని మాట ఎత్తుకునేసరికి వాళ్ళు ముగించేసి విల్లు దించేస్తే, జనం మధ్యలో చేతులు పట్టుకుని నిలబడిపోతారు. సైగ కూడా విడత మొదట్లోనే ఇవ్వాలి. ఆఖరి రెండు బార్లలో ఇస్తే ఆవిడ పక్కవాళ్ళకి చేరవేసేదెప్పుడు?

వేగం తగ్గించమనాలంటే మైకులో అనకు. అరచెయ్యి కిందికి చూపించి నెమ్మదిగా అదుము. అందరి ముందూ అంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

తప్పులు జరుగుతాయి. మసాచుసెట్స్‌లో ఒక బడి హాలులో జరిగింది చెప్తా. ఓపెన్ బ్యాండు, అంటే ఎవరైనా వాయిద్యం తెచ్చుకుని కూర్చోవచ్చు. వేదిక మీద ఫిడేళ్ళే ఓ పదిహేను, రెండు వేణువులు, ఓ బాంజో. నడిపించే ఫిడేలాయన మంచివాడు, చెయ్యి తిరిగినవాడు. ఆరో విడతలోనో ఏడో విడతలోనో ఎ భాగం మూడోసారి వాయించేశాడు. వెనకున్న పదిహేనుమందీ ఆయన్నే పట్టుకుని పోయారు. కింద వరసలు బి1లో ముందుకీ వెనక్కీ నడవాల్సిన చోట ట్యూను ఇంకా ఎ లోనే ఉంది. నడిచారు, ఎందుకంటే పాదాలకి ఆట తెలుసు. కానీ మొహాలు మారిపోయాయి. హాలు మొత్తం ఒక్క క్షణంలో ఉక్కిరిబిక్కిరైంది. ఏం తేడా వచ్చిందో ఎవరికీ తెలీదు, ఏదో తేడా వచ్చిందని మాత్రం అందరికీ తెలుసు. ఆడేవాళ్ళు పాట వింటూ ఆడతారు అనడానికి అంతకంటే రుజువు ఏముంది?

అప్పుడు మైకు తీశాను. ఆ విడత అయిపోయి కొత్త జంటలు ఎదురుపడ్డాయి. వాళ్ళ ఆట ఎ1లో ఉంది, ట్యూనులో బి2 నడుస్తోంది. "బాలెన్స్ అండ్ స్వింగ్" అన్నాను మామూలుగానే, అంటే ఊగి, జంటగా గిర్రున తిరగమని. ఆ 16 అడుగులూ పూర్తవుతుండగా, ట్యూను తిరిగి మొదటికి వస్తుందనగా, "అదే మనిషితో, ఇంకోసారి, బాలెన్స్ అండ్ స్వింగ్" అన్నాను. అందరూ నవ్వుతూ మళ్ళీ తిరిగారు. ఆట, ట్యూను కలిసిపోయాయి. బాలెన్స్‌కి నేల మీద పడిన పాదాల చప్పుడు వింటే తెలిసింది, కలిసిపోయాయని. బ్యాండుని ఆపలేదు, వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. ఆయనకి తన తప్పు నాకంటే ముందే తెలుసు. విరామంలో ఆపిల్ పై తింటూ ఆయనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు, మనవరాలి గురించి మాట్లాడుకున్నాం.

అదే నేర్చుకోవాలి. ఆట చెడింది ఆడేవాళ్ళ వల్లైనా, బ్యాండు వల్లైనా, సంగీతం ఆగకూడదు. ట్యూను నడుస్తూనే ఉండాలి, దాని తల ఎక్కడుందో నీకు తెలిసి ఉండాలి. వరస పూర్తిగా చిక్కుపడిపోతే "నీ జోడీని వెతుక్కో, స్వింగ్" అని బి2 అయ్యేదాకా తిప్పుతూ ఉంచు. ఎ1 రాగానే మొదటినుంచి ఎత్తుకో. వాయిస్తున్నవాళ్ళు నిబ్బరంగా ఉంటే హాలు నిబ్బరంగా ఉంటుంది. నువ్వు కంగారుగా చెయ్యి ఊపి ఆపమంటే ఆ ధమ్, చక్ పోతుంది, దాంతోపాటు అందరి ధైర్యమూ పోతుంది.

వాళ్ళ అవసరాలు చూడటం కూడా నీ పనే. చలికి ఫిడేలు శ్రుతి మారిపోతుంది, తలుపు దగ్గర కూర్చోబెట్టకు. హాలు పియానో పాతదై శ్రుతి కాస్త తగ్గి ఉంటే మిగతావాళ్ళంతా దానికే సరిచేసుకోవాలి, అందుకు సమయం ఇవ్వు. నీ గొంతు నీకు ఎంత వినపడాలో మానిటర్‌లో చెప్పే ముందు, ఫిడేలుకి పియానో వినపడుతోందా అని అడుగు. మూడు గంటలు ఆపకుండా వాయించే చేతులు అవి. వరసగా మూడు వేగమైన రీల్‌లు పెట్టకు, మధ్యలో ఒక జిగ్, ఒక నెమ్మదైనది ఉంచు. ఆడేవాళ్ళు ఒక ఆటకి కూర్చోవచ్చు, బ్యాండుకి ఆ వీలు లేదు.

విరామానికి ముందొకటి, చివర్లో ఒకటి వాల్ట్జ్ ఉంటుంది. అవి పూర్తిగా వాళ్ళవి. ఏ ట్యూనో అడగకు, ఎంతసేపో చెప్పకు. మెక్‌క్విలెన్ గారి అమీలియా వాల్ట్జ్ చాలామంది వాయిస్తారు, అది మొదలైతే నువ్వు కూడా మైకు కింద పెట్టి వెళ్ళి ఆడు. వాల్ట్జ్ ముందు బ్యాండులో ఒక్కొక్కరి పేరూ వాయిద్యమూ చెప్పాలి, తప్పుల్లేకుండా. పేర్లు ఎలా పలకాలో మొదట్లోనే అడిగి కార్డు మీద రాసుకో. నా పేరు ఇక్కడివాళ్ళు ఎన్ని రకాలుగా పలికారో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నా. డబ్బు సంగతి ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఉంటుంది. నేను ఎక్కువగా తిరిగిన హాళ్ళలో అద్దె పోగా మిగిలింది బ్యాండులో ప్రతివాళ్ళకీ, కాలరుకీ సమానంగా పంచేవారు. ఎక్కడైనా కాలరుకి ఎక్కువ ఇస్తామంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. నువ్వూ ఒప్పుకోకు.

2020 మార్చిలో హాళ్ళన్నీ మూసేశారు గుర్తుందా, నువ్వు అప్పటికి చిన్నపిల్లవి. కాలర్లు ఇంట్లో కార్డులు సర్దుకున్నారు, నేనూ సర్దుకున్నాను. వాయించేవాళ్ళు వంటింట్లో ఒక్కళ్ళే కూర్చుని ఫోను ముందు వాయించారు. మళ్ళీ తలుపులు తెరిచాక, మాస్కులతో, మొదటిసారి పొటాటోలు కొట్టినప్పుడు ఒక ఫిడేలావిడ కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి తుడుచుకుంది. అప్పటికే జెంట్స్, లేడీస్ అనే మాటలు పోయి చాలా చోట్ల లార్క్స్, రాబిన్స్ వచ్చేశాయి. నేను నోరు తిప్పుకోడానికి కొన్నాళ్ళు పట్టింది. 64 అడుగులు మాత్రం 64 అడుగులే.

చివర్లో మనీ మస్క్ పెట్టాలని ఉందన్నావు. పెట్టు, మంచి ఆట, ఈ మధ్య ఎవరూ పెట్టట్లేదు. పియానో వాయించేది ఎవరో కనుక్కుని ఈ రాత్రే ఫోన్ చెయ్యి, 24 బార్ల మనీ మస్క్ వాళ్ళకి వచ్చా అని అడుగు. రాకపోతే నా దగ్గర స్వరాల కాగితం ఉంది, రేపు పొద్దున పంపిద్దాం. శనివారం దాకా ఆగితే వాళ్ళకి సాధన చేసుకునే వీలుండదు.